సారు మూడ్ ఎలా ఉంది?

పొద్దున్న సీట్లో కూర్చున్న దగ్గర్నుంచి అందరూ మమ్మల్ని అడిగే మాట ఇది. ఫైలు పట్టుకొచ్చిన గుమాస్తా అడుగుతాడు, బిల్లు కోసం వచ్చిన కాంట్రాక్టరూ అడుగుతాడు. ఆఫీస్ అసిస్టెంట్ పనుల్లో టైపింగు, తపాలు, ఇన్‌వర్డ్ రిజిస్టరు, ఫోన్లు ఉంటాయి. సారు ముఖం చదవడం ఎక్కడా రాసి ఉండదు. దానికి జీతమూ రాదు.

మేం విశాఖలో ఈ పని చేస్తున్న దళిత ఆడవాళ్లం. కొందరం పోర్టు దగ్గర షిప్పింగ్ ఏజెన్సీల్లో, కొందరం గాజువాక, కూర్మన్నపాలెం వైపు కాంట్రాక్టర్ల ఆఫీసుల్లో ఉన్నాం.

అమెరికా సమాజ శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో ఈ కనిపించని పని మీద పుస్తకమే రాశారు. భావోద్వేగ శ్రమ అన్నారు దాన్ని. ఎయిర్ హోస్టెస్‌లు నవ్వునీ, బాకీలు వసూలు చేసేవాళ్లు కోపాన్నీ జీతం కోసం ఎలా తెచ్చిపెట్టుకుంటారో అందులో చూపించారు. ఆ పేరు తెలియక ముందే ఆ అలుపు మాకు తెలుసు.

మాలో ఒకామె దగ్గరికి గేట్ పాస్ రెన్యువల్ కాని కార్మికుడు వచ్చాడు. సొంత పేట మనిషి, వరసకు బాబాయ్. "ఏటమ్మా, నా పాసు ఏటైంది?" సారు లోపలే ఉన్నారు. "మీటింగ్‌లో ఉన్నారు, రేపు రండి బాబాయ్" అని ఆమె చెప్పాలి. మూడు రోజులు అదే మాట చెప్పింది. నాలుగో రోజు ఆయన ఏమీ అడగలేదు, ఆమె ముఖం చూసి వెళ్లిపోయాడు. 2021 జనవరి 27న ఉక్కు ఫ్యాక్టరీలో నూరు శాతం వాటా అమ్మకానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకున్నాక, పాసు పోతుందన్న భయం ఎక్కువైంది. ఆ భయం ముందు వచ్చి నిలబడేది మా బల్ల దగ్గరే.

ఇక మాకంటూ వేరే లెక్క ఉంది. "ఇంటిపేరేంటమ్మా? ఏ వీధి?" అంటారు. వీధి పేరు చెప్పాక గొంతు మారుతుంది. "కోటాలో వచ్చావుగా" అంటారు. 16(4) అధికరణ చెప్పేది ప్రభుత్వ ఉద్యోగాల గురించి. ప్రైవేటు ఏజెన్సీలో కోటా ఎక్కడిది? లేని కోటాకు మాటలు మాత్రం పడుతున్నాం. పక్క సీటు ఆమె విసుక్కుంటే పని ఒత్తిడి, మేం విసుక్కుంటే పొగరు. అందుకే మేం నవ్వాల్సింది మిగతావాళ్ల కంటే ఎక్కువ.

అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(ఆర్), 3(1)(ఎస్) కింద అవమానం నలుగురి కంటపడే చోట జరిగి ఉండాలి. బయటివాళ్లెవరూ లేకుండా నాలుగు గోడల మధ్య అన్న మాట దాని కిందికి రాదని 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సారు గదికీ గోడలు నాలుగే! కాబట్టి తేదీ, సమయం, అన్న మాట అన్నట్టుగా, అప్పుడు అక్కడ ఎవరున్నారు అన్నవి డైరీలో రాసుకుంటున్నాం. లైంగిక వేధింపైతే 2013 చట్టం ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. మా ఆఫీసుల్లో చాలావాటిలో ఏడెనిమిది మందే, అంటే జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి.

బాబాయ్ వెళ్లిపోయాక ఆమె ఒకటి మార్చుకుంది. ఇప్పుడు "సారు లోపలే ఉన్నారు, కలవనంటున్నారు" అని ఉన్నదున్నట్టు చెబుతోంది. అందుకు మెమో ఇచ్చారు. దాన్నీ నంబరు వేసి ఇన్‌వర్డ్ రిజిస్టర్లో ఎక్కించింది.