పెంకివాడి తల్లికి తోడెవరు?

సత్తెనపల్లి:

ఆ యిల్లాలు పెళ్లిళ్లకు వెళ్లడం మానేసి రెండేళ్లయింది. ఆఖరుసారి సొంత తమ్ముడి పెళ్లికి వెళ్లింది. అప్పటికి ఆరేళ్లున్న ఆమె కొడుకు పందిట్లో కుర్చీలు పడదోశాడు. చెప్పులు వేసుకోమన్నందుకు మేనమామ చెయ్యి కొరికాడు. బంధువుల చూపులు పిల్లవాడి మీద కాదు, ఆమె మీద పడ్డాయి. పెంచడం చేతకాలేదన్న మాట వంటల దగ్గర మొదలై భోజనాల బంతి దాకా పాకింది. అప్పగింతలు కాకుండానే ఆమె బస్సెక్కింది.

సత్తెనపల్లికి దగ్గర్లోని ఒక పల్లెలో వుంటుందీ కుటుంబం. తండ్రి ట్రాక్టరు డ్రైవరు. తల్లి మిరపకాయల కోతలకు, పత్తి తీతలకు కూలికి పోతుంది. వూరి పేరు, మనుషుల పేర్లు రాయవద్దని ఆమె కోరింది. వూళ్లో అందరికీ తెలిసిందే గదా అంటే, "పేపర్లో పడితే వాడికి పెళ్లీడు వచ్చినా ఆ పేరు పోదండీ" అన్నది. ఆ భయం సబబే.

పిల్లవాడు మొద్దు కాదు. ఎక్కాలు గడగడా చెబుతాడు. కానీ పొద్దున లేచింది మొదలు ఏది చెప్పినా "చెయ్యను" అంటాడు. స్నానం దగ్గర తగాదా, అన్నం దగ్గర తగాదా, సెల్‌ఫోను లాక్కుంటే మహా తగాదా. తాను విసిరిన గ్లాసుకు చెల్లెలే కారణమంటాడు. పెద్దలకు కోపం వచ్చేదేదో కనిపెట్టి అదే చేస్తాడు. నాయనమ్మ తాయెత్తు కట్టించింది. తండ్రి నడుముకున్న బెల్టు తీశాడు. చదువుకుంటున్న ప్రైవేటు బడివారు టీసీ తీసుకుపొమ్మన్నారు. వాణ్ణి చూసుకునే దిక్కు లేక, కోతల రోజుల్లో తల్లి చాలా పూటలు కూలి పోగొట్టుకుంది.

యిలాంటి ప్రవర్తనకు వైద్యులు పెట్టిన పేరు ఆపోజిషనల్ డిఫయెంట్ డిజార్డర్. క్లుప్తంగా ఓడీడీ. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లో తన రోగాల గ్రంథంలో దీన్ని మొదటిసారి చేర్చింది. యిప్పుడున్న పేరు 1987లో వచ్చింది. అంతమాత్రాన మాట వినని ప్రతి పిల్లవాడికీ జబ్బు అంటగట్టరాదు. రెండు మూడేళ్ల వయసులో మంకుపట్టు పట్టని బిడ్డ వుండదు. మీసాలు వచ్చే వయసులో ఎదురు చెప్పడమూ మామూలే. తరచూ కోపం, పెద్దలతో వాదన, కావాలని చెప్పినమాట వినకపోవడం, తన తప్పు యితరుల మీదకు నెట్టడం, కక్ష పెట్టుకోవడం వంటి 8 లక్షణాలను వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. వాటిలో కనీసం 4 లక్షణాలు 6 నెలలపాటు వుండాలి. తోబుట్టువులతో కాక మరొకరితో కూడా అలాగే ప్రవర్తిస్తుండాలి. యింటికో, బడికో, స్నేహాలకో దానివల్ల నష్టం జరుగుతుండాలి. అప్పుడే ఆ పేరు పెడతారు. చెవులు సరిగా వినబడకపోయినా, చదవడం రాక సిగ్గుపడినా, దిగులు పట్టుకున్నా పిల్లలు పెంకిగా మారతారు. నిలకడలేమి జబ్బు, అంటే ఏడీహెచ్‌డీ, దీనికి తోడుగా వుండడం కూడా మామూలే. కనుక పరీక్ష చేయించకుండా యిరుగుపొరుగు తేల్చే విషయం కాదిది.

యీ తల్లికి దారి చూపింది ఆ వూరి ఆశా కార్యకర్త. టీకాల రోజున అంగన్‌వాడీ మెట్ల మీద కూర్చుని ఏడుస్తుంటే విషయం అడిగింది. గుంటూరు తీసుకుపోదామంటే అత్తగారు ఒప్పుకోలేదు. "మన పిల్లాడికి పిచ్చి అని రాయించుకొస్తావా అమ్మాయ్?" అని నిలదీసింది. చివరకు ఆశా కార్యకర్తే వెంట వెళ్లింది.

ఓపీ చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చున్న ఆ మూడు గంటలూ తాను మరచిపోలేనని తల్లి చెబుతుంది. పక్కన మరో పల్లె నుంచి వచ్చిన ఆవిడ కూర్చుని వుంది. ఆమె కొడుకు నేలమీద పడి దొర్లుతున్నాడు. ఆవిడ కంగారు పడలేదు, కొట్టలేదు. యీమెను చూసి, "మీవాడూ యింతేనా అక్కా?" అని అడిగిందట. "రెండేళ్లలో నన్ను తిట్టకుండా మాట్లాడిన మొదటి మనిషి ఆవిడేనండీ" అంటూ తల్లి కళ్లు తుడుచుకుంది. వారిద్దరూ ఫోను నంబర్లు మార్చుకున్నారు. యిప్పటికీ మాట్లాడుకుంటారు. వైద్యం కన్నా ముందు తనను నిలబెట్టింది ఆ ఫోనేనని ఆమె అంటుంది.

డాక్టరుగారు బిళ్లలు రాస్తారనుకుంటే రాయలేదు. ఓడీడీకి నేరుగా పనిచేసే మందు లేదు. తోడుగా వున్న జబ్బును బట్టి కొందరు పిల్లలకు మందులు యిస్తారు. అసలు వైద్యం తల్లిదండ్రులకు యిచ్చే శిక్షణే. అమెరికాలో గెరాల్డ్ ప్యాటర్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త యిలాంటి యిళ్లలో తగాదా ఎలా నడుస్తుందో ఏళ్ల తరబడి గమనించి 1982లో గ్రంథం రాశాడు. ఆయన చెప్పింది మన యిళ్లకూ అతికినట్టుంటుంది. పిల్లవాడు చిప్స్ పొట్లం కోసం కొట్టు ముందు అరుస్తాడు. తల్లి కాదంటుంది. వాడు యింకా అరుస్తాడు. నలుగురూ చూస్తున్నారని తల్లి కొనిస్తుంది. అరుపు ఆగిపోతుంది. అరిస్తే పని అవుతుందని వాడు నేర్చుకున్నాడు. యిచ్చేస్తే గొడవ వదులుతుందని తల్లి నేర్చుకుంది. మరుసటి రోజు అరుపు అక్కడినుంచే మొదలవుతుంది. బెల్టు కథా అంతే. ఆ పూటకు వాడు లొంగుతాడు, రేపు యింకాస్త గట్టిగా కొట్టాల్సి వస్తుంది.

ఆమెకు నేర్పిన పద్ధతులు వినడానికి తేలిక. దూరంనుంచి కేకలు వేయకుండా దగ్గరకు వెళ్లి ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలి. చేసిన వెంటనే ఏం బాగా చేశాడో చెప్పి మెచ్చుకోవాలి. చిన్నపాటి సణుగుడు పట్టించుకోరాదు. కాదన్నది కాదనే వుండాలి. శిక్ష అంటే ఆ పూటకు ఫోను యివ్వకపోవడం వంటిదే గాని వారాల తరబడి సాగేది కాదు. రోజూ కాసేపు వాడు ఎంచుకున్న ఆట వాడితో ఆడాలి. అప్పుడు హితబోధలు వుండరాదు. మొదట్లో గొడవ తగ్గకపోగా పెరుగుతుందని కూడా ముందే చెప్పారు. పెరిగింది కూడా. రెండో వారంలో వాడు తలుపు గొళ్లెం వూడదీశాడు.

చిక్కంతా యింట్లో వచ్చింది. కన్నబిడ్డను పొగిడితే దిష్టి తగులుతుందని నాయనమ్మ పట్టు. తల్లి కాదన్నది ఆమె చాటుగా యిచ్చేది. ఒకరు గట్టిగా, మరొకరు మెత్తగా వుంటే యీ వైద్యం సాగదు. రెండోసారి వెళ్లినప్పుడు అత్తగారిని కూడా తీసుకురమ్మన్నారు. పిల్లవాణ్ణి పొగడవద్దు, వాడు చేసిన పనిని పొగడండి, పనికి దిష్టి లేదుగా అని అక్కడి సిస్టర్ చెప్పిందట. ముసలమ్మకు ఆ మాట నచ్చింది. యిప్పుడు "చెప్పులు భలే సర్దావురా" అని, వెంటనే ఉప్పు తిప్పి పోస్తుంది. అభ్యంతరం ఎవరికి?

తండ్రి మారడానికి యింకా ఎక్కువ కాలం పట్టింది. బెల్టు మానేశాడు గాని, నోరు ఆగదు. కోపం వస్తే బయటికి వెళ్లి ట్రాక్టరు మీద కూర్చోమని భార్య చెబితే కూర్చుంటున్నాడు. తానూ చిన్నప్పుడు యిలాంటివాణ్ణేనని, తన తండ్రి చింతబరికెతో కొట్టేవాడని ఆయన ఈ విలేకరితో అన్నాడు. గోడకుర్చీలు వేసి పెరిగిన ఈ విలేకరికీ ఆ చింతబరికె తెలుసు.

ప్రభుత్వ పాఠశాలలో చేర్చాక ప్రధానోపాధ్యాయురాలు పిల్లవాడికి హాజరు పట్టీ అందించే పని అప్పగించారు. తగాదా జరిగితే అందరి ముందూ నిలబెట్టకుండా పక్కకు పిలిచి మాట్లాడుతున్నారు. యిది ఆమె దయ అనుకుంటున్నారు వూళ్లోవారు. కొంత చట్టం కూడా వుంది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో దెబ్బలను, మానసిక వేధింపును నిషేధించింది. 8వ తరగతి పూర్తయ్యేదాకా పిల్లలను బడినుంచి తీసివేయడానికి వీల్లేదంది. టీసీ పట్టుకుపొమ్మన్న రోజున ఆ సంగతి చెప్పేవారు యీ తల్లికి లేకపోయారు.

యిలాంటి యిళ్లవారు మొదట వెళ్లదగింది పెద్దాసుపత్రి మానసిక వైద్య విభాగానికి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య పథకం కింద వైద్య బృందాలు బడులకు వచ్చినప్పుడు వినికిడి, చదువులో వెనకబాటు, నిలకడలేమి గురించి అడగవచ్చు. జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి చీటీ రాయించుకోవచ్చు. బస్సు ఛార్జీలకు వెనకాడేవారికి 2022 అక్టోబరు 10న కేంద్రం ప్రారంభించిన టెలిమానస్ వుంది. 14416కు ఏ వేళ ఫోను చేసినా డబ్బు ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పిల్లవాడి గురించే కాక, విసిగిపోయిన తల్లి తన గురించి కూడా చెప్పుకోవచ్చు. గుంటూరు వెళ్లలేని నెలల్లో యీ తల్లి రాత్రిపూట రెండుసార్లు చేసింది. పోతే, మన పట్టణాల్లో యిలాంటి తల్లిదండ్రులు నెలకోసారి కూర్చుని మాట్లాడుకునే ఏర్పాటు ఏదీ ఈ విలేకరి కంటబడలేదు. ఆసుపత్రి బెంచీయే వారికి దిక్కు.

యింట్లో గోడకు తెలుగు క్యాలెండరు వేలాడుతోంది. పాల లెక్క గుర్తుల పక్కన ఎర్ర సిరాతో మరికొన్ని గుర్తులున్నాయి. పెద్ద గొడవ జరిగిన రోజులవి. పోయిన సంక్రాంతి నెలలో 19 వున్నాయి. మొన్నటి నెలలో 8. మేము లెక్కిస్తుండగానే పిల్లవాడు వచ్చి క్యాలెండరు లాగి కింద పడేశాడు. తల్లి ఏమీ అనలేదు. కాసేపటికి వాడే తీసి మేకుకు తగిలించాడు, తలకిందులుగా. "నువ్వే తీసి పెట్టావుగా, బాగుంది నాన్నా" అన్నది ఆమె. వచ్చే నెలలో తోడికోడలు కూతురి ఓణీల వేడుక వుంది. వెళదామా వద్దా అని ఆ రాత్రి గుంటూరు బెంచీ మీద పరిచయమైన ఆవిడకు ఫోను చేసి అడుగుతానని చెప్పింది.