హారన్ మోగుతుంది, బండి స్టార్టు కాదు!

ఒక సాయంత్రం బడి వదిలాక, గేటు బయట వేపచెట్టు కింద మా తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురు ఒక బండి చుట్టూ మూగి ఉన్నారు. ముందుకు వంగి కూర్చుని నడిపే ఎర్రటి స్పోర్ట్స్ మోటారు సైకిలు అది. వాళ్ళలో ఒకడి అన్నగారిది. తమ్ముణ్ణి తీసుకువెళదామని వచ్చాడట. తిరిగి బయలుదేరబోతే బండి మొరాయించింది. బొత్తాం నొక్కినప్పుడల్లా ‘టిక్ టిక్ టిక్’ మని చప్పుడే తప్ప ఇంజను కదలదు. కిక్కు కొట్టి చూద్దామంటే ఈ రకం బళ్ళలో చాలావాటికి అసలు కిక్కు రాడ్డే ఉండదు.

“బ్యాటరీ పోయిందేమో” అన్నాను.

“లేదు మాస్టారూ, హారన్ ఎంత గట్టిగా మోగుతోందో వినండి” అని మోగించి చూపించాడు. “స్టార్టరు మోటారే కాలిపోయి ఉంటుంది. వేలల్లో ఖర్చు” అని దిగులుపడ్డాడు.

బండి చెడినప్పుడు మనం చేసే మొదటి తప్పు ఇదే. లక్షణం ఒకటి కనబడగానే జబ్బు పేరు చెప్పేస్తాం. నేనూ చెప్పాను చూశారా! డాక్టరుగారు ముందు నాడి చూస్తారు, ఆ తరువాతే మందు రాస్తారు. మనమూ అలాగే చేద్దాం. మనకు కావలసిన పరికరాలు రెండు చెవులు, ఒక మల్టీమీటరు, మీరు చదువుకునే ఓం నియమం.

మొదట చెవులతో విందాం. స్టార్టరు బొత్తాం నొక్కితే అసలేమీ వినబడకపోతే, విద్యుత్తు దారిలో ఎక్కడో తెగిందన్నమాట. అటువంటప్పుడు ముందుగా కిల్ స్విచ్చి చూడండి. తరువాత సైడు స్టాండు, గేరు చూడండి. గేరులో ఉండి స్టాండు దించి ఉంటే చాలా బళ్ళు స్టార్టు కావు, అది మన క్షేమం కోసం పెట్టిన ఏర్పాటు. ఆ పైన ఫ్యూజు. మోటారు చక్కగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే లోపం పెట్రోలులోనో, ప్లగ్గు నిప్పురవ్వలోనో, గాలిలోనో ఉంటుంది. (ట్యాంకులో పెట్రోలు లేని బండిని విప్పదీసినవాళ్ళు నాకు తెలుసు!) ‘టిక్ టిక్’ మంటే మాత్రం కథ వేరు.

స్టార్టరు మోటారుకు పదుల ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం కావాలి. హాండిలు మీది చిన్న బొత్తాం అంత ప్రవాహాన్ని తట్టుకోలేదు. అందుకని మధ్యలో రిలే అనే విద్యుదయస్కాంతాన్ని పెడతారు. బొత్తాం నొక్కితే దాని తీగచుట్టలో కొద్దిపాటి విద్యుత్తు ప్రవహిస్తుంది. అది అయస్కాంతమై పెద్ద స్విచ్చిని ‘టిక్’ మని లాగుతుంది. మోటారుకు పెద్ద ప్రవాహం మొదలవుతుంది. దారిలో ఎక్కడైనా అడ్డంకి ఉంటే ఆ క్షణంలోనే ఓల్టేజి పడిపోతుంది, అయస్కాంతం బలహీనమై స్విచ్చిని వదిలేస్తుంది. వదిలేయగానే ప్రవాహం ఆగి, ఓల్టేజి మళ్ళీ లేస్తుంది, అయస్కాంతం మళ్ళీ లాగుతుంది. మీ బడిలోని కరెంటు గంట పనిచేసే పద్ధతిని తలచుకోండి, దీనికి అది దగ్గరి చుట్టమే.

మరి హారన్ ఎందుకు మోగింది? లెక్క వేద్దాం. బ్యాటరీ టెర్మినలు దగ్గర తీగ సరిగా అంటుకోక 0.1 ఓం నిరోధం చేరిందనుకోండి. హారన్ తీసుకునేది సుమారు 3 ఆంపియర్లు. 3ను 0.1తో గుణిస్తే 0.3. అంటే 12 ఓల్టులలో మూడు పదోవంతులే దారిలో పోతాయి. హారన్‌కు ఆ సంగతే తెలియదు. స్టార్టరుకు 60 ఆంపియర్లు కావాలనుకుందాం. 60ని 0.1తో గుణిస్తే 6. సగం ఓల్టేజి దారిలోనే మాయం! ఓల్టేజి తగ్గితే ప్రవాహమూ తగ్గుతుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా అసలు సంగతి ఇందులో ఉంది. బ్యాటరీ ముసలిదైనా ఇదే జరుగుతుంది, అప్పుడు ఆ నిరోధం బ్యాటరీ లోపలే పెరుగుతుంది. కనుక హారన్ చెప్పే సాక్ష్యం చెల్లదు.

ఇప్పుడు నిరోధం లోపల ఉందా, బయట ఉందా? ప్రయోగశాల నుంచి మల్టీమీటరు తెప్పించాను. బ్యాటరీ రెండు కొనల మధ్య 12.6 ఓల్టులు చూపింది. ఇది నిండుగా ఉన్న బ్యాటరీ లెక్క. బొత్తాం నొక్కుతూ చూసినా 11కు దిగువకు రాలేదు. నీరసించిన బ్యాటరీ అయితే 9కీ, ఇంకా కిందికీ జారిపోయేది. అంటే నా ఊహ తప్పింది. తరువాత మీటరు ఒక కొనను బ్యాటరీ ధన టెర్మినలు మీద, రెండో కొనను దానికే బిగించిన తీగ కొన మీద ఆనించాను. రెండూ ఒకదానికొకటి తగులుకునే ఉన్నాయి కదా, మధ్య తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. బొత్తాం నొక్కగానే అంకెలు 4, 5 అని ఎగిరాయి! దొంగ దొరికాడు.

విప్పి చూస్తే ఆకుపచ్చ, తెలుపు కలిసిన పొడి పేరుకుని ఉంది. విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. తాళం తీసేసి, ముందు రుణ టెర్మినలే విప్పాలి. బండి ఇనుప చట్రమంతా రుణ టెర్మినలుకు కలిపి ఉంటుంది. ధన టెర్మినలును ముందు విప్పబోతే, చేతిలోని పానా చట్రానికి తగిలిందంటే షార్టు సర్క్యూటయి నిప్పులు చిమ్ముతుంది. రుణం తీసేశాక తగిలినా భయం లేదు, వలయం పూర్తికాదు గదా! బిగించేటప్పుడు ఇదే తిరగేసి ధనం ముందు, రుణం తరువాత. తీగ కొనను వంట సోడా నీటితో కడిగాం, బుసబుసమని పొంగింది. ఎందుకో రసాయనశాస్త్రం తరగతిలో విన్నారు. ఆరబెట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వాజలీను పూశాం. బొత్తాం నొక్కగానే బండి లేచింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

అసలు ప్రమాదం అప్పుడే రాబోయింది. ఉత్సాహంలో అన్నగారు “చైను కూడా తుడిచేద్దాం మాస్టారూ” అంటూ వెనక చక్రం నేలకు తగలకుండా స్టాండు మీదికి ఎత్తి, ఇంజను తిరుగుతుండగానే మొదటి గేరులో వేశాడు. తమ్ముడు పాతగుడ్డ పట్టుకుని వంగాడు. నేను వేసిన కేకకు చెట్టు మీది కాకులు లేచాయి.

నా ఎడమ చేతి ఉంగరపు వేలికి కొన లేదు. పిల్లలు తరగతిలో చూస్తారు గాని అడగరు. పాతికేళ్ళ కిందట నా సొంత బండికి, నా ఇంటి ముంగిట్లో, ఆ కుర్రవాడు చేయబోయిన పనే నేను చేశాను. ఫిజిక్సు చెప్పే మేస్టరునై ఉండి ఒక చిన్న లెక్క వేసుకోలేదు. ఆ లెక్క మీకు చెబుతాను.

బండి నిలిచి ఉండగా ఇంజను నిమిషానికి సుమారు 1,400 సార్లు తిరుగుతుంది. మొదటి గేరులో చైను తిప్పే ముందు పళ్ళచక్రానికి వచ్చేసరికి అది 160 చుట్లకు తగ్గుతుంది. “నెమ్మదిగానే తిరుగుతోంది” అనిపించేది ఇందుకే. ఆ చక్రానికి 14 పళ్ళు, ఒక్కొక్క లింకు 12.7 మిల్లీమీటర్లు అనుకుంటే, ఒక్క చుట్టులో చైను దాదాపు 18 సెంటీమీటర్లు జరుగుతుంది. అంటే సెకనుకు 47 సెంటీమీటర్లు. గుడ్డ చిక్కుకుందని మీ కన్ను చూసి, మెదడు చెప్పి, చేయి వెనక్కి లాగేందుకు కనీసం సెకనులో అయిదోవంతు పడుతుంది. ఆలోగా చైను 9 సెంటీమీటర్లకు పైగా లోపలికి పోతుంది. వేలి పొడవెంతో కొలిచి చూసుకోండి.

చైను ఎప్పుడు తుడిచినా ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని, న్యూట్రలులో పెట్టి, చక్రాన్ని చేత్తోనే తిప్పాలి. అప్పుడు కూడా చైను పళ్ళచక్రంలోకి దూరే చోట వేళ్ళు పెట్టకూడదు. కిరసనాయిలుతో, మెత్తని బ్రష్షుతో మురికి వదిలించి, గేరు ఆయిలు పలచగా వేయండి. పెట్రోలు వద్దు, లింకుల మధ్యనున్న రబ్బరు వలయాలు పాడవుతాయి, పైగా నిప్పు భయం. నూనె చుక్క బ్రేకు డిస్కు మీద పడకుండా చూడాలి. చైనును మరీ బిర్రుగా బిగించవద్దు. మనిషి కూర్చుంటే స్ప్రింగు అణిగి రెండు పళ్ళచక్రాల మధ్య దూరం మారుతుంది, ఆ మార్పుకు సరిపడా వదులు ఉండాలి. ఎంత వదులో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది.

వేడిగా ఉన్న రేడియేటరు మూత జోలికి అసలు పోకండి. లోపలి పీడనం వల్ల ఆ ద్రవం 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది, మూత తీయగానే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. బ్రేకుల పని కూడా మెకానిక్కుకే వదిలేయండి. ఇక నడపడం సంగతి అంటారా, 18 ఏళ్ళు నిండేదాకా గేరు బండికి మీకు లైసెన్సు రాదు. తుడవడానికి మాత్రం లైసెన్సు అక్కర్లేదు, ఇంట్లో పెద్దవాళ్ళు పక్కనుంటే చాలు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టేవేళ దాకా తమ్ముడు చక్రం తిప్పుతుంటే అన్నగారు చైను తుడిచాడు. మిగిలిన ముగ్గురూ లింకులు లెక్కపెట్టారు. ఇద్దరికి 122 వచ్చాయి, ఒకడికి 121. నేను లెక్కపెట్టకుండానే “121 తప్పు, మళ్ళీ చూడు” అన్నాను. ఎలా చెప్పగలిగానో మీరు కనిపెట్టండి. దగ్గరలో ఏదైనా బండి ఆగి ఉంటే, దాని చైనులో పక్కపక్కనున్న రెండు లింకులను శ్రద్ధగా చూడండి, ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమా!