పేరు నిలిచింది... ఇక వీణ మోగాలి!

బొబ్బిలి అనగానే మనకు రెండు గుర్తొస్తాయి. ఒకటి 1757 నాటి యుద్ధం. రెండోది వీణ. యుద్ధం ఎప్పుడో ముగిసింది. వీణ మాత్రం ఇప్పటికీ పోరాడుతూనే ఉంది. ఒకప్పుడు కొనేవాళ్ల కోసం... ఇప్పుడు వాయించే చేతుల కోసం!

చోడవరం నుంచి విజయనగరం మీదుగా బొబ్బిలి చేరుకుంటే, పట్టణాన్ని ఆనుకునే ఉంటుంది గొల్లపల్లి. తరతరాలుగా సర్వసిద్ధి కుటుంబాల వారు వీణలు చేస్తున్నది అక్కడే. సంస్థానాన్ని స్థాపించిన పెదరాయుడి కాలం నుంచే ఈ కళకు ఆదరణ దక్కిందని చెబుతారు.

ఒక్కటే మొద్దు!

బొబ్బిలి వీణ ప్రత్యేకతంతా పనస మొద్దులోనే ఉంది. ఆ కలప తేలిగ్గా ఉంటుంది, నాదం చక్కగా పలుకుతుంది. మామూలుగా కుండ, దండి, యాళి ముఖం విడివిడిగా చేసి అతికిస్తారు. ఇక్కడ మాత్రం ఒకే మొద్దును తొలిచి వీణగా మలుస్తారు. అందుకే దీన్ని ‘ఏకాండి వీణ’ అంటారు.

చెక్కడం అయిపోతే పని అయిపోయినట్టేనా? కానేకాదు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. దండి మీద మైనం పరిచి 24 మెట్లు అమర్చాలి. వాటి మీదుగా నాలుగు తీగలు, పక్కన తాళానికి మూడు తీగలు. మెట్టు వెంట్రుకవాసి జరిగినా స్వరం దారి తప్పుతుంది. కొలబద్ద ఒక్కటే చాలదు, చెవి కూడా కావాలి. అంటే వీణ చేసేవాడు సగం వడ్రంగి, సగం విద్వాంసుడు!

అన్నం పెట్టిన బుల్లి వీణ

వాయించే వీణ ఒకటి పూర్తికావాలంటే రోజుల తరబడి చాకిరీ. కొనేవాళ్లేమో తక్కువ. ఆ కష్టకాలంలో ఆదుకున్నది జ్ఞాపికగా ఇచ్చే బుల్లి వీణ. సభల్లో శాలువాతో పాటు చేతికిచ్చేది, షోకేసులో పెట్టుకునేది అదే. బొబ్బిలి పేరును ఊరూరా తిప్పింది, కళాకారుల పొయ్యి వెలిగించింది కూడా అదే.

అయితే ఇక్కడే చిక్కు. మోగని వీణకు చెక్కడం వస్తే చాలు. మోగే వీణకు మెట్లు కట్టడం రావాలి. కుర్రాళ్లు బుల్లి వీణలతోనే ఆగిపోతే, ఆ చెవి తర్వాతి తరానికి అందేదెలా?

పేరు ఎవరిది?

అమెరికాలో స్కూలు బ్యాండు పిల్లలకు ‘బండీ’ శాక్సోఫోన్ బాగా పరిచయం. సెల్మర్ సంస్థ విద్యార్థుల కోసమే తెచ్చిన రకం అది. అక్కడి కాన్, కింగ్, సెల్మర్ లాంటి పాత పేర్లు ఇప్పుడు ఒకే సంస్థ గొడుగు కిందున్నాయి. పేరు కంపెనీది కాబట్టి, వాద్యం ఏ ఫ్యాక్టరీలో తయారైనా ఆ పేరు వేసుకోవచ్చు.

బొబ్బిలి సంగతి వేరు. 2010 తర్వాతి తొలి ఏళ్లలో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే పేరు కంపెనీది కాదు, ఊరిది. వేరే చోట చేసి ‘బొబ్బిలి వీణ’ అని అమ్మడం చట్టరీత్యా కుదరదు. పేరుకు రక్షణ దొరికిందన్నమాట. కానీ చట్టం పేరును కాపాడుతుంది గానీ, గిరాకీ తెచ్చిపెట్టదుగా!

మన వంతు

ఆ గిరాకీ తేవాల్సింది మన ఇళ్లలోని పిల్లలే. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాల పక్కనే ఉంది. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా ఉన్న చోటు అది. పాఠానికీ వాద్యానికీ మనకు ఒకే చుట్టుపక్కల చిరునామా ఉండటం అదృష్టం కాదూ?

పాపకు వీణ కొనేటప్పుడు నగిషీలు చూసి మురిసిపోకండి. గురువుగారిని వెంట తీసుకెళ్లి, ఒక్కో మెట్టూ మీటించి వినండి. ఎండ తగిలే చోట పెట్టొద్దు, మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. అమ్మమ్మ వాయించిన వీణ అటక మీద ఉందా? చెక్క బాగుంటే పారేయనక్కర్లేదు. మళ్లీ మైనం వేసి మెట్లు కట్టించుకోవచ్చు, తీగలు మార్పించుకోవచ్చు.

అలా బాగుచేయించిన ప్రతి వీణా రెండు పనులు చేస్తుంది. మీ ఇంట్లో ఓ పాపకు సరళీస్వరాలు నేర్పుతుంది. గొల్లపల్లిలో ఓ కుర్రాడికి మెట్లు కట్టడం నేర్పుతుంది!