ఫ్యూజు ఎవర్ని కాపాడుతుంది?

ఏమర్రా పిల్లలూ, షాక్ కొడితే ఇంట్లో ఫ్యూజు కాపాడుతుందనుకుంటున్నారా? అది కాపాడేది తీగనిర్రా, మనిషిని కాదు. లెక్క చూడండి. మన ఇళ్ళకొచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన ఒంటి నిరోధం సుమారు 1000 ఓములు. భాగిస్తే పావు ఆంపియరు కూడా రాదు. 5 ఆంపియర్ల ఫ్యూజుకు అది ఆననే ఆనదు. గుండె లయ తప్పడానికి మాత్రం అందులో సగం చాలు.

అందుకే ఆర్‌సీసీబీ అనే బ్రేకరు పెట్టించుకోమనేది. కాలువకు వదిలిన నీళ్ళు చివరిదాకా చేరాయో లేదో చూసుకునే లస్కరులాగా, ఫేజులో వెళ్ళిన కరెంటంతా న్యూట్రల్లో తిరిగొచ్చిందా అని అది కనిపెట్టుకుని ఉంటుంది. 30 మిల్లీఆంపియర్లు తగ్గిందా, ఎవరి ఒంట్లోంచో నేలలోకి పోతోందని టక్కున ఆపేస్తుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి కదా. అలా మునిగిన ఇంట్లో నీళ్ళు తీశాక స్విచ్‌బోర్డుల్లో బురద మిగులుతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది, లోపలి తడే కరెంటుకు దారి. పని తెలిసినవాడు తొందరపడి మెయిన్ వెయ్యడు. మెగ్గరు అనే మీటరుతో 500 వోల్టులు పెట్టి ఇన్సులేషను చూస్తాడు. ఒక మెగోమైనా చూపించకపోతే ఆ వైరింగును ముట్టుకోనివ్వడు. ఇదంతా పుస్తకంలో ఉంటుంది. కానీ చేతికి అలవాటు కావాలంటే అనుభవమున్న మేస్త్రీ పక్కన నిలబడాల్సిందే.

అలా నిలబడి నేర్చుకునే వాళ్ళకోసమే 1961లో అప్రెంటిస్ చట్టం చేశారు. పదో తరగతి పాసై, ఐటీఐలో రెండేళ్ళ ఎలక్ట్రీషియన్ ట్రేడు పూర్తిచేసి, ఆ తర్వాత ఏడాది అప్రెంటిస్‌గా చేరవచ్చు. రైల్వే కూడా ఇలా తీసుకుంటుంది. మన విజయవాడలో ఎలక్ట్రిక్ లోకో షెడ్డే ఉంది, ఆ ఇంజన్లు నడిచేది 25 వేల వోల్టుల లైను కింద! నెలనెలా స్టైపెండు ఇస్తారు. ఉద్యోగానికి హామీ ఉండదు, నేర్చిన పని మాత్రం మీదే.

ఇదేమీ చిన్నతనం కాదర్రా. మైఖేల్ ఫారడే పద్నాలుగో ఏట పుస్తకాల బైండింగు కొట్లో అప్రెంటిస్‌గా చేరాడు. బైండింగుకొచ్చిన పుస్తకాలే చదివి విద్యుత్తు మీద మనసు పడ్డాడు. 1831లో ఆయన కనిపెట్టిన సూత్రం మీదే ఈనాటి జనరేటర్లన్నీ తిరుగుతున్నాయి.

ఒక్క మాట మరిచిపోకండి. ఎక్కడ చేరినా అప్రెంటిస్ ఒప్పందం రిజిస్టరు చేయించమని అడగండి. పనిలో ప్రమాదం జరిగితే యజమాని పరిహారం ఇవ్వాలని అప్రెంటిస్ చట్టంలోనే ఉంది. అడగడానికి మొహమాటపడకండి.