కారు బ్యాటరీ యేల దిగిపోవును?

కారు నడుపుట నేడు స్త్రీలకు క్రొత్త కాదు. ఐనను అది కదలనినాడు కారణము విచారించుట పురుషుల వంతేయని మనలో పెక్కుమంది తలంతురు. మేమును మొన్నటివఱకు అట్లే తలంచితిమి.

మా యింటి కారు మూడుదినములు నిలిచియున్నచో నాలుగవదినమున కదలకుండెడిది. క్రొత్త బ్యాటరీ కొంటిమి. కొలదిదినములకే అదియు అట్లే యయ్యెను. రాత్రి దీపములు ఆర్పుట మఱచుచున్నాడని మా డ్రైవరును పలుమాఱులు గద్దించితిమి. "లేదమ్మా, ఆర్పితిని" అని ఆతడు తలవంచుకొనెడివాడు, మేము నమ్మలేదు. తుదకొక తెల్లవాఱుజామున మా యత్తగారిని ఆసుపత్రికి గొనిపోవలసివచ్చినపుడు కారు కదలలేదు. పొరుగువారి బండి మమ్ము గాచినది. ఇక మేమే దీని నిజము తెలిసికొనవలెనని నిశ్చయించుకొంటిమి.

బ్యాటరీ నీళ్లకుండవంటిది. కుండ ఓటిది కావచ్చును. నీరు పోయువారు లేకపోవచ్చును. లేదా ఎవరో తెలియకుండ తోడుకొనుచుండవచ్చును. మీటరుతో ఈ మూడును తేల్చవచ్చును. రాత్రియంతయు విశ్రమించిన నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12.2 అయినచో సగమే మిగిలినదనియు, 12కు దిగువనున్నచో దాదాపు ఖాళీయనియు గ్రహింపవలెను. బ్యాటరీని నిండించి తీగ విడదీసి యుంచినను దిగిపోయినచో లోపము బ్యాటరీదే. ఇంజను నడచుచుండగా సాధారణముగా 13.8 మొదలు 14.5 వోల్టులవఱకు కనబడవలెను. అపుడు ఆల్టర్నేటరు సరిగా నింపుచున్నదన్నమాట. మా కారునందు ఈ రెండును సరిగానే యుండెను. ఇక మిగిలినది మూడవది.

ఈ పరీక్షకు ముందు లోహపు గాజులు, ఉంగరములు తీసివేయవలెను. అవి బ్యాటరీ కొనలకు తగిలినచో కాలును. బ్యాటరీనుండి మండెడు వాయువు వెలువడవచ్చును గనుక నిప్పు దరి చేరనీయరాదు. అన్నియు ఆర్పి, తాళపుచెవి దూరముగనుంచి, ఋణధ్రువపు తీగను విడదీసి, ధ్రువమునకును తీగకును నడుమ 10 ఆంపియర్ల అమరికలో మీటరు కలుపవలెను. మీటరు అట్లుండగా ఇంజనును త్రిప్పరాదు. నేటి కార్లలోని యంత్రములు నిద్రించుటకు సుమారు అరగంట ఆగవలెను. అటుపిమ్మట 0.05 ఆంపియరుకు మించి పాఱుట సాధారణముగా మంచిది కాదు.

మా మీటరు 0.43 చూపినది. డ్రైవరు ఒక్కొక్క ఫ్యూజును తీసి మరల పెట్టుచుండగా మేము అంకెలు చూచితిమి. లోపలి దీపముల ఫ్యూజు తీయగానే అది 0.03కు దిగినది. కంటికి దీపమేదియు వెలుగుటలేదు! ఫ్యూజు మరల పెట్టి, ఫోనులో వీడియో తీయుటకు పెట్టి డిక్కీలోనుంచి మూసితిమి. తీసి చూడగా డిక్కీ దీపము మూతపడినను ఆరలేదని తెలిసినది. మీట చెడియుండెను. దినమునకు దాదాపు 10 ఆంపియరు-గంటలను ఆ చిన్న దీపమే హరించినది. మా బ్యాటరీ సామర్థ్యము 45 మాత్రమే.

మీట మార్చుటకైన వెచ్చము స్వల్పము. అనవసరముగా కొన్న బ్యాటరీ ధర పోయినది, అదియు పోనిండు. చేయని తప్పునకు మాటపడిన డ్రైవరుకు, ఇంటివారందఱియెదుట మా పొరపాటును చెప్పుకొంటిమి. సోదరీమణులారా! మీ కారు ఇట్లు మొరాయించినపుడు ముందుగా మీటరు నడుగుడు, మనుష్యులను తరువాత.