గృహచలనచిత్ర కెమేరాయందలి కాంతిరంధ్రము

1923వ సంవత్సరమున కోడక్ కంపెనీవారు 16 మిల్లీమీటర్ల ఫిల్మును, దానికి తగిన సినీ-కోడక్ కెమేరాను వెలువరించిరి. 1932లో ఖర్చు తగ్గించు 8 మిల్లీమీటర్ల పద్ధతియు వచ్చెను. గృహస్థులు తమవారి రూపములను నడచుచుండగనే తెరపై చూచుకొనుటకు తోడ్పడిన యీ కెమేరాల కటకములోని చిన్న రంధ్రమును గూర్చి మేమిచ్చట వివరింపదలచితిమి.

నిశ్చలచిత్రములు తీయు కెమేరాలో వెలుతురును రెండు విధముల తగ్గింపవచ్చును: షటరు తెరచియుండు కాలమును కుదించియో, రంధ్రమును చిన్నది చేసియో. గృహచలనచిత్ర కెమేరాలో మొదటి దారి దాదాపు మూసికొనిపోయినది. సాధారణముగా సెకనునకు 16 బొమ్మలు పడవలెను; ఒక్కొక్క బొమ్మకు చిక్కు కాలము సుమారు సెకనులో 30వ వంతు. కావున మిట్టమధ్యాహ్నపు టెండకును, వసారాలోని నీడకును రంధ్రమే దిక్కు. అంతియే కాదు. ఇండ్లలో వాడిన ఫిల్ములో చాలభాగము, తీసినదే రసాయనములచే మార్పబడి తెరపైకి వచ్చెడిది. ప్రతి యెత్తునపుడు సవరించుకొందమనుటకు వీలులేదు. రంధ్రము లెక్క తప్పినచో అవ్వ ముఖము తెల్లని మచ్చగనో, నల్లని నీడగనో నిలిచిపోవును.

రంధ్రమును చిన్నది చేసిన బొమ్మ అంచులు తెగిపోవా యని విద్యార్థు లడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఒక భూతద్దముతో కిటికీ బొమ్మను ఎదుటి గోడపై పడనిచ్చి, అద్దములో సగమును అట్టముక్కతో కప్పి చూడుడు. కిటికీ యంతయు నుండును. వెలుతురు మాత్రము సగమగును. ఏలయన, కిటికీలోని ప్రతి బిందువునుండి వచ్చు కిరణములు అద్దమంతట వ్యాపించి, గోడపై మరల నొక్కచోట చేరుచున్నవి. అదే అట్టను గోడకు ఆనించి పెట్టిన, బొమ్మయే తెగిపోవును. అందుచేత రంధ్రమును ఫిల్ముచెంత గాక, కటకపు గాజుబిళ్లల దాపుననే, తరచుగా వాని నడుమనే, అమర్చిరి. మేలైన కటకములలో పలుచని రేకులు పూరేకులవలె ఒకదానిపై నొకటి ముడుచుకొనును. సృష్టికర్త మన కంటిపాపకు చేసిన యేర్పాటునకు ఇది దూరపు చుట్టము!

కటకపు నాభ్యంతరమును రంధ్రపు వ్యాసముచే భాగించిన వచ్చునది ఎఫ్ సంఖ్య. 4, 5.6, 8, 11, 16 అను మెట్లలో ఒక్కొక్కటి ఎక్కినకొలది వెలుతురు సగమగుచుండును. 8 మిల్లీమీటర్ల కెమేరాలో కటకపు నాభ్యంతరము సుమారు 13 మిల్లీమీటర్లు. లెక్కవేయుడు: 3.5 వద్ద రంధ్రపు వ్యాసము 3.7 మిల్లీమీటర్లు, 16 వద్ద 0.8 మాత్రమే! వైశాల్యమున సుమారు 21 రెట్లు భేదము. నాభ్యంతరము పొట్టిదగుటచే దగ్గరివియు దూరపువియు ఒక్కసారియే స్పష్టముగ కనబడును, ఇది లాభము. కాని అంత సన్నని రంధ్రమున కాంతి అంచులవద్ద వంగి బొమ్మను మొద్దుబార్చును. ఎండ మిక్కుటమైనపుడు 16కు పోవుటకంటె, బూడిదవన్నె గాజు నొకదానిని కటకమునకు ముందు తగిలించుట మేలని మా యభిప్రాయము.

పాత కెమేరా యొకటి చేతికి వచ్చినవారు, ఫిల్ము వేయకమునుపు ముందువైపునుండి కటకములోనికి చూచుచు అంకెల వలయమును మెల్లగా త్రిప్పవలెను. రేకులపై పాతనూనె గట్టిపడినచో వలయము బిగిసియుండును. బలవంతము చేసిన రేకులు వంగును. అప్పుడు అంకె 16 చూపుచుండ రంధ్రము 4 వద్దనే యుండవచ్చును. ఫిల్ముపై పడు వెలుతురు 16 రెట్లగును.