ఒకే అచ్చు, మూడు ఊళ్లు: బంగారం లోన్ రూల్స్‌కి టెంప్లేట్ ఎలా రాసుకోవాలి

ఈ ఎపిసోడ్‌లో రూల్ టెంప్లేట్ల గురించి మాట్లాడుకుందాం. పేరు విని భయపడకండి. ప్రొద్దుటూరులో బంగారం పని చూసినవాళ్లకి ఈ విషయం సగం తెలిసినట్టే. కంసాలి దగ్గర అచ్చు ఒకటే ఉంటుంది. అందులో పెట్టే రేకు బరువు మారుతుంది, క్యారెట్ మారుతుంది, డిజైన్ మాత్రం అదే. రూల్ టెంప్లేట్ కూడా అంతే. వాక్యం ఒకటే, అందులో పడే అంకెలు వేరు.

ముందు నాకు జరిగింది చెప్తాను. కొన్నాళ్లు నేను బంగారం మీద లోన్లు ఇచ్చే ఒక చిన్న సంస్థకి సాఫ్ట్‌వేర్ పని చేశాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, మూడు చోట్లా బ్రాంచిలు. మొదట ప్రొద్దుటూరు బ్రాంచికి రూల్స్ రాశాను. తర్వాత జమ్మలమడుగుకి వాటినే కాపీ కొట్టాను, పులివెందులకి మళ్లీ కాపీ. పని త్వరగా అయిపోయింది, అందరూ మెచ్చుకున్నారు.

ఆ తర్వాత రిజర్వ్ బ్యాంక్ నిబంధనలు మారాయి. అంతకుముందు బంగారం విలువలో 75 శాతం దాటి లోన్ ఇవ్వకూడదు. 2025 జూన్‌లో వచ్చిన కొత్త ఆదేశాల్లో, వినియోగ అవసరాలకి తీసుకునే లోన్లకి మూడు మెట్లు పెట్టారు. రెండున్నర లక్షల వరకు 85 శాతం, రెండున్నర లక్షలు దాటి ఐదు లక్షల వరకు 80 శాతం, ఐదు లక్షలు దాటితే 75 శాతం. 2026 ఏప్రిల్ 1లోగా అందరూ దీనికి మారాలన్నారు. మా సంస్థ పరిమితి మేరకు పూర్తిగా ఇద్దామని నిర్ణయించుకుంది. నేను ప్రొద్దుటూరు ఫైల్ మార్చాను, జమ్మలమడుగు ఫైల్ మార్చాను. పులివెందుల ఫైల్ మర్చిపోయాను.

కొడుకు కాలేజీ ఫీజు కోసం ఒకామె పులివెందుల బ్రాంచికి గాజులు తెచ్చింది. లెక్క కడితే విలువ 2,80,000 వచ్చింది. 85 శాతం అంటే 2,38,000 రావాలి. మా సిస్టం పాత 75 శాతమే పట్టుకొని 2,10,000 అంది. ఇరవై ఎనిమిది వేలు తక్కువ. ఆమె చెల్లెలు ముందు వారమే ప్రొద్దుటూరులో దాదాపు అంతే బంగారం పెట్టి ఎక్కువ తీసుకుంది. "ఏం నాయనా, ప్రొద్దుటూరులో పెడితేనే బంగారమా, ఇక్కడ పెడితే కాదా?" అని ఆమె కౌంటర్లో పిల్లోణ్ణి అడిగిందట. వాడు నాకు ఫోన్ చేశాడు. నా దగ్గర సమాధానం లేదు. తప్పు నాదే.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

బిజినెస్ రూల్స్ సాఫ్ట్‌వేర్ అంటే, "ఇలా ఉంటే, అలా చెయ్యి" అనే నిర్ణయాలని ప్రోగ్రాం లోపల పాతిపెట్టకుండా విడిగా రాసుకునే ఏర్పాటు. ఓపెన్ సోర్స్‌లో డ్రూల్స్ ఉంది, ఇది జావాలో నడుస్తుంది. ఐబీఎం వాళ్లది ఓడీఎం, 2009లో ఐలాగ్ కంపెనీని కొన్నప్పుడు వాళ్ల చేతికి వచ్చిన జేరూల్స్‌కి వారసుడు. రెండింట్లోనూ టెంప్లేట్లు ఉన్నాయి, తీరు వేరు. ఓడీఎంలో టెంప్లేట్ అంటే సగం రాసిపెట్టిన రూల్. మార్చకూడని భాగాన్ని అందులో గడ్డకట్టించి, మిగతాది మాత్రమే పూరించనిస్తారు. డ్రూల్స్‌లో టెంప్లేట్ ఒక ఫైల్, దాంట్లోకి వచ్చే అంకెలు వేరే పట్టికలో. ఎక్సెల్ షీట్ కావచ్చు, డేటాబేస్ కావచ్చు. పట్టికలో ఎన్ని వరుసలుంటే అన్ని రూల్స్ పుడతాయి.

డ్రూల్స్ ఫైల్ ఎలా ఉంటుందో చూడండి. పైన "టెంప్లేట్ హెడర్" అని రాసి, కింద ఖాళీల పేర్లు ఒక్కో లైనులో ఒకటి రాస్తాం. ఆ తర్వాత మామూలు రూల్. ఖాళీ రావాల్సిన చోట ఎట్ గుర్తు పెట్టి, ఫ్లవర్ బ్రాకెట్లలో ఆ ఖాళీ పేరు రాస్తాం. రూల్ పేరులో వరుస సంఖ్య కూడా కలపాలి. ఒక ప్యాకేజీలో రెండు రూల్స్‌కి ఒకే పేరుంటే సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. చివర్న "ఎండ్ టెంప్లేట్".

మన లోన్ వాక్యాన్ని తెలుగులో రాస్తే ఇలా ఉంటుంది. "అడిగిన లోన్ కింది హద్దు కంటే ఎక్కువగా ఉండి, పై హద్దు దాటకపోతే, అది బంగారం విలువలో ఇంత శాతం మించకూడదు. మించితే ఆపు." ఖాళీలు మూడే: కింది హద్దు, పై హద్దు, శాతం. పట్టిక కూడా మూడు వరుసలే. సున్నా, 2,50,000, 85. తర్వాత 2,50,000, 5,00,000, 80. చివరిది 5,00,000, పై హద్దు లేదు, 75.

గమనించారా, ఇందులో ఊరి పేరు లేదు. రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రొద్దుటూరుకి ఒకటి, పులివెందులకి ఒకటి ఉండదు కదా. ఊరిని బట్టి మారేది వేరే ఉంది. ఎంత మొత్తం వరకు బ్రాంచి మేనేజరే సంతకం పెట్టొచ్చు, ఎంత దాటితే పైవాళ్లని అడగాలి అన్నది. దానికి ఇంకో టెంప్లేట్ రాయండి. బ్రాంచి, మొత్తం, ఎవరి అనుమతి అని మూడు ఖాళీలు చాలు. రెండూ ఒకే టెంప్లేట్‌లో కలిపారంటే ఖాళీలు పెరిగిపోయి, మళ్లీ నాలాగే ఎక్కడో ఒకచోట మర్చిపోతారు.

ఇక జాగ్రత్తలు. ఇవి నేను దెబ్బతిని నేర్చుకున్నవి.

ఒకటి, షరతు దేని మీద పెడుతున్నారో చూసుకోండి. మెట్లు లోన్ మొత్తాన్ని బట్టి, బంగారం విలువని బట్టి కాదు. బంగారం విలువ మూడు లక్షలు అనుకోండి. 85 శాతం 2,55,000, కానీ అది రెండున్నర లక్షలు దాటింది కాబట్టి రెండో మెట్టులోకి పోతుంది. అక్కడ 80 శాతం అంటే 2,40,000 మాత్రమే. మరి ఎంత ఇవ్వాలి? సరిగ్గా రెండున్నర లక్షలు ఇవ్వొచ్చు. బంగారం విలువ 3,12,500 చేరేదాకా ఈ అంకె కదలదు. విలువ మీద షరతు రాస్తే 2,40,000 దగ్గరే ఆగిపోయి, పదివేలు తక్కువ ఇస్తారు.

రెండు, హద్దుల దగ్గర పరీక్షించండి. 2,50,000, 2,50,001, 5,00,000, 5,00,001. ఈ నాలుగూ పెట్టి చూడండి. ఒక్కోదానికి ఒక్క రూలే పలకాలి. రెండు పలికినా తప్పే, ఏదీ పలకకపోయినా తప్పే.

మూడు, ఖాళీ గడి. చివరి వరుసలో పై హద్దు లేదు కాబట్టి ఆ గడి వదిలేస్తాం. చాలా సాఫ్ట్‌వేర్లు గడి ఖాళీగా ఉంటే ఆ షరతునే తీసేస్తాయి. చివరి వరుసకి మనకి కావాల్సింది అదే. కానీ మొదటి వరుసలో పొరపాటున వదిలేస్తే, పది లక్షల లోన్‌కి కూడా 85 శాతం అంటుంది. మీ సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందో ముందే చూసుకోండి.

నాలుగు, తేదీలు. 2020 ఆగస్టులో, కోవిడ్ కాలంలో, వ్యవసాయేతర బంగారం లోన్లకి బ్యాంకులు 90 శాతం వరకు ఇవ్వొచ్చని రిజర్వ్ బ్యాంక్ అనుమతించింది, 2021 మార్చి 31 వరకు మాత్రమే. ఇలాంటివి మళ్లీ రావచ్చు. అందుకే "ఎప్పట్నుంచి", "ఎప్పటిదాకా" అని ఇంకో రెండు ఖాళీలు పెట్టుకోండి. పాత వరుస తుడిచేయకండి. పాత లోన్ గురించి రేపు ఎవరైనా అడిగితే ఆ వరుసే సాక్ష్యం.

అన్నిటికీ టెంప్లేట్ కావాలా అంటే, వద్దు. రూల్స్ రెండు మూడే ఉండి, వాక్యాలు వేర్వేరుగా ఉంటే విడివిడిగానే రాసుకోండి. తాకట్టు వస్తువుని ఏడు పనిదినాల్లో తిరిగివ్వాలి, సంస్థ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయలు పరిహారం కట్టాలి అన్న నిబంధన ఉంది చూడండి, అది ఒక్కటే రూల్. దానికి అచ్చు ఎందుకు?

పులివెందుల ఆమె సంగతి చెప్పలేదు కదూ. మర్నాడే ఫైల్ సరిచేసి, మిగిలిన ఇరవై ఎనిమిది వేలు ఆమెకి ఇప్పించారు. ఆ వారమే మూడు ఫైళ్లూ తీసేసి, ఒక టెంప్లేట్, ఒక పట్టిక పెట్టాను. ఇప్పుడు శాతం మారితే మార్చాల్సింది ఒక్క గడి. మూడు ఊళ్లలోనూ ఆ మార్పు ఒకేసారి పడుతుంది.

మీ ఆఫీసులో కాపీ కొట్టిన రూల్స్ ఎన్ని ఉన్నాయో ఈరోజే ఒకసారి లెక్కపెట్టుకోండి. ఒకే వాక్యం మూడోసారి కనబడిందంటే, అచ్చు చేయించుకునే టైం వచ్చినట్టే. ఉంటానండి, నమస్తే.